అమ్మే అబ్బాయికి తెలియకపోతే మనం ఎట్లా కొనాలి? ఏసీ, వాషింగ్ మెషీన్, నీళ్ల ఫిల్టర్, టీవీ గురించి

మీరు అడిగింది ఇదీ: ధర్మవరంలో కొత్త ఇల్లు. ఎండలు ముదిరేలోపు అనంతపురం వెళ్లి ఒకటిన్నర టన్ను ఏసీ, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్, మంచినీళ్ల ఫిల్టర్, 55 అంగుళాల టీవీ తీసుకోవాలి. మూడు షాపులు తిరిగారు. ఒకచోట ఇన్వర్టర్ ఏసీకి స్టెబిలైజర్ అక్కర్లేదన్నారు, ఇంకోచోట అది లేకుంటే ఏసీ లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోతుందన్నారు. వాషింగ్ మెషీన్ల తేడా అడిగితే "అన్నీ ఒకటే సార్" అన్నారు. ఫిల్టర్ అబ్బాయి గ్లాసులో కడ్డీలు ముంచి మీ బోరు నీళ్లు తుప్పు రంగుకు మారడం చూపించాడు. ఎవరి మాట నమ్మాలి, ఏమీ తెలియని సేల్స్‌వాళ్లతో ఎట్లా నెట్టుకురావాలి అని మీ ప్రశ్న.

ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు, ఎవరితోనూ వాదించాల్సిన పనీ లేదు. మీకు కావలసిన వివరాల్లో ముప్పాతిక వంతు షాపులోనే అచ్చయి ఉంటాయి: స్టార్ లేబుల్, వస్తువు వెనకాల అంటించిన రేటింగ్ ప్లేటు, అట్టపెట్టె మీది స్టిక్కరు, లోపలి మాన్యువల్. మిగతా పావు వంతు మీ ఇంట్లో ఉంటాయి: వోల్టేజి, మిద్దె మీద ట్యాంకు ఎత్తు, బోరు నీళ్ల పరీక్ష రిపోర్టు. ఈ రెండూ మీ చేతిలో ఉంటే అబ్బాయికి తెలిసినా తెలియకపోయినా మీ కొనుగోలు చెడదు.

ముందు ఆ అబ్బాయి పరిస్థితి అర్థం చేసుకోవాలి. పెద్ద షోరూముల్లో మీతో మాట్లాడేవాళ్లు రెండు రకాలు. ఒకరు షాపు జీతం తీసుకునేవాళ్లు. ఇంకొకరు కంపెనీ పెట్టిన ప్రమోటర్లు, చొక్కా మీద ఆ కంపెనీ గుర్తు ఉంటుంది. ప్రమోటరుకు తన కంపెనీ మోడళ్లు కాస్త తెలుసు, పక్క కంపెనీవి తెలియవు, తెలిసినా చెప్పడు. షాపు అబ్బాయికి అన్ని కంపెనీలూ పైపైన తెలుసు, ఏదీ లోతుగా తెలియదు. నిన్న మొబైల్ సెక్షన్లో ఉన్నవాణ్ని సీజన్ రాగానే ఏసీల దగ్గర నిలబెడతారు. శిక్షణ అంటే ఎక్కువగా ఆఫర్ల గురించే. దానికి తోడు నెల టార్గెట్ ఉంటుంది, గోడౌన్లో మిగిలిపోయిన కొన్ని మోడళ్ల మీద ప్రత్యేకంగా ఇన్సెంటివ్ ఉంటుంది. కాబట్టి చాలాసార్లు అతను అబద్ధం చెప్పడం లేదు, తెలియనిదాన్ని ధైర్యంగా చెబుతున్నాడు. అతన్ని పరీక్ష పెట్టి ఓడించాలని చూస్తే మీకు దక్కేదేమీ లేదు, పైగా ధర తగ్గించాల్సిన మనిషి ముడుచుకుపోతాడు.

అతనికి బాగా తెలిసినవీ ఉన్నాయి: సరుకు గోడౌన్లో ఉందా, డిస్‌ప్లే పీసేనా, ధర్మవరానికి డెలివరీ ఎన్నాళ్లకు, ఏ బ్యాంకు కార్డుకు ఎంత తగ్గింపు, పాత టీవీకి ఎక్స్‌చేంజ్ ఎంత, మేనేజరు ఎంతవరకు దిగుతాడు. వీటిని అతన్నే అడగండి. కరెంటు ఖర్చు, వోల్టేజి, నీటి ఒత్తిడి, వారంటీ మినహాయింపులు మాత్రం అడగకండి, చూపించమనండి. మాట తీరు ఇట్లా ఉంటే చాలు: "తమ్ముడూ, నీకు టార్గెట్ ఉంటుంది, నాకు తెలుసు. తీసుకుంటే నీ పేరు మీదే బిల్లు వేయిస్తా. ముందు ఈ మోడల్ నంబర్ మొత్తం రాసివ్వు, మాన్యువల్ ఒకసారి చూపించు." బిల్లు తనకే వస్తుందని తెలిసిన అబ్బాయి గోడౌన్ నుంచి పెట్టె తెప్పించడానికి కూడా వెనకాడడు. మోడల్ నంబర్ చివరి అక్షరాలతో సహా కావాలి. ఒకే పేరుతో అమ్మే రెండు ఏసీల్లో స్టారు, తయారీ ఏడాది, కాయిల్ రకం ఆ చివరి అక్షరాల్లోనే మారతాయి. నంబర్ తీసుకుని బయటికి వచ్చి, ఎక్కడైనా కూర్చుని టీ తాగుతూ కంపెనీ సైటులో ఆ నంబర్ మాన్యువల్ తెరిచి చదవండి. తర్వాత మళ్లీ లోపలికి వెళ్లండి. ఆదివారం సాయంత్రం, పండగ రోజుల్లో ఈ పని కుదరదు. మామూలు రోజు ఉదయం పదకొండు, పన్నెండు గంటలకు వెళితే సీనియర్లు ఖాళీగా దొరుకుతారు.

ఇక ఏసీ. అన్నిటికంటే ఎక్కువ తప్పుడు మాటలు వినిపించేది ఇక్కడే.

స్టార్ల సంఖ్య కాదు, లేబుల్ మీద ఉండే మూడు అంకెలు చూడండి. మొదటిది ఐఎస్‌ఈఈఆర్, అంటే తిన్న కరెంటుకు ఏసీ ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే అంకె. ఇది ఎంత ఎక్కువ ఉంటే అంత పొదుపు. స్టార్ల పట్టికను 2022 జూలైలో ఒకసారి బిగించారు, 2026 జనవరి నుంచి మళ్లీ బిగించారు. అందువల్ల పాత లేబుల్‌తో 5 స్టార్ అని ఉన్నదీ, కొత్త లేబుల్‌తో 4 స్టార్ అని ఉన్నదీ దాదాపు ఒకే మెషీన్ కావచ్చు. లేబుల్ ఏ కాలానికి చెల్లుతుందో దాని మీదే ఉంటుంది. పాత స్టాకు తక్కువకు వస్తే తీసుకోవడంలో తప్పేమీ లేదు, కొత్త 5 స్టార్ అనుకుని ఆ ధర పెట్టకూడదు, అంతే.

రెండోది కూలింగ్ కెపాసిటీ, వాట్లలో ఉంటుంది. ఒక టన్ను అంటే 3,517 వాట్లు. అంటే ఒకటిన్నర టన్నుకు 5,275 రావాలి. "ఒకటిన్నర టన్ను" పేరుతో అమ్మే వాటిలో చాలావాటి లేబుల్ మీద 4,700 నుంచి 5,200 దాకానే ఉంటుంది. పైగా ఈ కెపాసిటీని కొలిచేది బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 దాటుతుంది, అప్పుడు చల్లదనం ఇంకా తగ్గుతుంది. కింది ఇంట్లో, పక్క నీడ ఉన్న గదికి ఈ తేడా పెద్దగా తెలియదు. పై అంతస్తులో, నేరుగా ఎండ పడే మిద్దె కింద గది అయితే 5,000 కంటే తక్కువ ఉన్నదాని జోలికి పోకండి. మాన్యువల్లో ఔట్‌డోర్ యూనిట్ ఎన్ని డిగ్రీల వరకు పనిచేస్తుందో ఉంటుంది, 50 పైన ఉన్నది చూసుకోండి. పడమటి గోడకు బిగించి, చుట్టూ గాలి ఆడకుండా గ్రిల్ పెడితే బయటి వేడి 42 అయినా యూనిట్ పీల్చే గాలి ఇంకా వేడిగా ఉంటుంది. ఆ తప్పు తర్వాత ఏ మెకానిక్కూ దిద్దలేడు, కాబట్టి తూర్పు గోడో ఉత్తరం గోడో ముందే అనుకోండి.

మూడోది సంవత్సరానికి యూనిట్లు. ఇది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. "5 స్టార్ తీసుకుంటే బిల్లు సగం అవుతుంది సార్" అన్న మాటను దీనితోనే తేల్చాలి. ఉదాహరణకు 3 స్టార్ లేబుల్ మీద 1,000, 5 స్టార్ మీద 760 ఉన్నాయనుకోండి. తేడా 240 యూనిట్లు, అదీ 1,600 గంటలకు. మీరు పడకగదిలో మార్చి నుంచి జూన్ దాకా రాత్రి ఎనిమిదేసి గంటలు వాడితే నాలుగు నెలలకు 960 గంటలు. అప్పుడు తేడా 144 యూనిట్లే. ఏసీ యూనిట్లు మీ మామూలు వాడకం మీద అదనంగా పడతాయి గనుక చివరి స్లాబు రేటుతో గుణించాలి. 226 నుంచి 400 యూనిట్ల మధ్య అయితే 8 రూపాయల 75 పైసలు, అంటే ఏడాదికి 1,260 రూపాయలు. ధరలో తేడా 9,000 ఉంటే ఏడేళ్లకు గానీ రాదు. ఇంట్లో పెద్దవాళ్లుండి రోజుకు పదహారు గంటలు నడిచే గదికైతే అదే తేడా మూడున్నరేళ్లలో వచ్చేస్తుంది. మీ కరెంటు బిల్లులో ఉన్న రేటు పెట్టి షాపులోనే ఫోన్లో లెక్క వేసుకోండి. ఈ లెక్క ఇంటింటికీ మారుతుంది కాబట్టి అమ్మే అబ్బాయి మీకు బదులుగా వేయలేడు.

స్టెబిలైజర్ సంగతి. మీరు విన్న రెండు మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. ఇన్వర్టర్ ఏసీ మాన్యువల్లో స్టెబిలైజర్ లేకుండా పనిచేసే వోల్టేజి పరిధి ఇస్తారు. కొన్ని 145 నుంచి 290 వోల్టుల దాకా అంటాయి, కొన్నిటికి పరిధి ఇంతకంటే ఇరుకు. మీ ఇంటి వోల్టేజి ఆ పరిధిలోనే ఉంటే స్టెబిలైజర్ దండగ. దాటిపోతుంటే కావాలి. కాబట్టి ప్రశ్న ఏసీది కాదు, మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్‌ది. మామూలు మల్టీమీటర్‌తో మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి, తెల్లవారుజామున ఐదింటికి వారం రోజులు కొలిచి రాసుకోండి. అలవాటు లేకుంటే ఎలక్ట్రీషియన్ చేత వోల్టేజి చూపించే చిన్న డిజిటల్ మీటరు బోర్డులో పెట్టించుకోండి, అదీ సరిపోతుంది. వ్యవసాయ మోటార్లున్న ఫీడరు అయితే అవి నడిచే గంటల్లో కూడా చూడాలి.

అవసరం అనిపిస్తే ఒకటిన్నర టన్నుకు 4 కేవీఏ స్టెబిలైజర్ తీసుకోండి. దాని కనీస వోల్టేజి మీరు కొలిచిన కనీసం కంటే దిగువన ఉండాలి. "మీ ఇంట్లో ఎంసీబీ ఉంది కదా సార్, ఏం కాదు" అన్న మాట మాత్రం పూర్తిగా తప్పు. ఎంసీబీ ఎక్కువ కరెంటు లాగినప్పుడో షార్ట్ అయినప్పుడో పడిపోతుంది, వోల్టేజి పెరిగితే కాదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ ఇళ్లలోకి 230 బదులు 400కు దగ్గరగా వస్తుంది. ఒక్క రాత్రిలో వీధిలో టీవీలన్నీ పోయాయని వినేది ఇట్లాంటప్పుడే. దానికి మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజి, అండర్ వోల్టేజి ప్రొటెక్టర్ పెట్టించాలి. అది ఏసీని మాత్రమే కాదు, ఇల్లంతటినీ కాపాడుతుంది. ఏసీకి బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సి రకం 20 ఆంపియర్ ఎంసీబీ, సరైన ఎర్త్ ఉండాలి. ఫ్యాన్ లైనులోంచి లాగిన ప్లగ్గుకు తగిలిస్తే సాకెట్ కరిగిపోతుంది.

"ఇన్‌స్టాలేషన్ ఫ్రీ" అన్నప్పుడు ఏది ఫ్రీ అని అడిగి రాయించుకోండి. మామూలుగా పెట్టెలో మూడు మీటర్ల పైపు వస్తుంది. అది దాటితే మీటరుకు ఇంత అని వేస్తారు. స్టాండు, డ్రైన్ పైపు, గోడకు రంధ్రం, అదనపు వైరు వేరే. ఇండోర్ ఎక్కడ, ఔట్‌డోర్ ఎక్కడ అని టేపుతో కొలిచి పోతే ఆ ఖర్చు ముందే తెలుస్తుంది. బిగించేటప్పుడు వ్యాక్యూమ్ పంపు పెట్టి కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు నడిపించమని గట్టిగా చెప్పండి. యూనిట్లో గ్యాసే కాస్త వదిలి పైపులోని గాలిని బయటికి తోసేస్తామంటే ఒప్పుకోవద్దు. అప్పుడు పైపులో గాలి, తేమ మిగిలి ఒత్తిడి పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ వయసు తగ్గుతుంది. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్32 గ్యాసుకు కొద్దిగా మండే గుణం కూడా ఉంది.

వాషింగ్ మెషీన్ దగ్గర షాపులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: "మీ ట్యాంకు ఎంత ఎత్తులో ఉంది?" ఫ్రంట్ లోడ్ మెషీన్లకు కనీస నీటి ఒత్తిడి కావాలి. మాన్యువల్లో 0.3 బార్, 0.5 బార్ అనో 0.03, 0.05 మెగాపాస్కల్ అనో ఉంటుంది, రెండూ ఒకటే. నీటి మట్టం ఒక మీటరు ఎత్తు ఉంటే సుమారు 0.1 బార్. ఒక్క అంతస్తు మిద్దె ఇంట్లో పది అడుగుల స్లాబు, దాని మీద మూడడుగుల దిమ్మె, దిమ్మె మీద ట్యాంకు, కింద కుళాయి మూడడుగుల ఎత్తులో. ట్యాంకు అడుగు నుంచి కుళాయికి పది అడుగులు, అంటే మూడు మీటర్లు, అంటే 0.3 బార్. అందులో వంపుల్లోనూ సన్న పైపులోనూ కొంత పోతుంది. 0.5 బార్ కావాలన్న మెషీన్ ఇక్కడ నీళ్లు చాలక ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. సర్వీస్ మనిషి వచ్చి "మెషీన్ బాగుంది, మీ నీళ్ల ఒత్తిడి తక్కువ" అని రాసి వెళతాడు, వారంటీ కింద చేసేదేమీ ఉండదు. అదే మెషీన్ రెండంతస్తుల ఇంట్లో కింద పెడితే 0.6 బార్ వచ్చి హాయిగా నడుస్తుంది.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. మెషీన్ తగిలించబోయే కుళాయి పూర్తిగా తిప్పి పది లీటర్ల బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. రెండు నిమిషాలు దాటితే ఫ్రంట్ లోడ్‌కు ముందు పైపు సంగతి చూడాలి: ట్యాంకు నుంచి విడిగా అంగుళం పైపు, లేదా చిన్న బూస్టర్ పంపు. ఆ ఖర్చు వద్దనుకుంటే తక్కువ ఒత్తిడికి పనిచేస్తుందని మాన్యువల్లోనే రాసి ఉన్న టాప్ లోడ్ తీసుకోండి. బోరు నీళ్లలో ఉప్పు గట్టిగా ఉంటుంది కాబట్టి హీటరు ఉన్న మెషీన్‌కు నెలకోసారి డీస్కేలింగ్ పొడి (ఉప్పు పెచ్చును కరిగించేది) వేసి నడపాలి. మెషీన్‌తో పాటు అంటగట్టే చిన్న ఇన్‌లెట్ ఫిల్టరు పెచ్చు కట్టడాన్ని కొంత తగ్గిస్తుంది, అంతేగానీ నీళ్లను మెత్తబరచదు. లోపలి పదార్థం అయిపోగానే ఆ మేలు కూడా ఆగిపోతుంది.

నీళ్ల ఫిల్టర్ విషయంలో కాస్త ఆగి చదవండి, ఇది ఆరోగ్యం సంగతి. ఆ కడ్డీల పరీక్ష మీ నీళ్లలోని మురికిని చూపించలేదు. ఆ పరికరంలో ఇనుప కడ్డీలు ఉంటాయి, వాటిలోంచి కరెంటు పోతుంది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారి ఇనుము కరుగుతుంది, ఆ తుప్పే గ్లాసులో కనబడేది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తక్కువ గనుక కరెంటు పారదు, రంగు మారదు. మళ్లీ ఆ అబ్బాయి వస్తే అతని ఆర్‌ఓ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి కడ్డీలు ముంచమనండి, అదీ తుప్పు రంగుకు తిరుగుతుంది.

మన జిల్లాలో అసలు భయం ఫ్లోరైడ్. దానికి రంగు, రుచి, వాసన ఏవీ లేవు. టీడీఎస్ మీటరు మొత్తం లవణాలు చూపిస్తుందే తప్ప ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. టీడీఎస్ 500 వరకు మంచిది, వేరే దారి లేకుంటే 2,000 వరకు. ముందు బోరు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి, ఫ్లోరైడ్ కూడా చూడమని విడిగా చెప్పండి. ఆ కాగితం చేతిలో లేకుండా ఫిల్టర్ కొనకండి.

రిపోర్టులో ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటే యూవీ, యూఎఫ్ ఫిల్టర్లు పనికిరావు. యూవీ క్రిములను చంపుతుంది, యూఎఫ్ మట్టినీ క్రిములనూ ఆపుతుంది, కరిగిన ఫ్లోరైడ్ రెండిటిలోంచీ దర్జాగా వెళుతుంది. ఇంటి ఫిల్టర్లలో దాన్ని తగ్గించేది ఆర్‌ఓ మెంబ్రేన్, అంటే కరిగిన లవణాలను కూడా ఆపే పలచని పొర. ఇక్కడ ఇంకో చిక్కుంది. "టీడీఎస్ అడ్జస్టర్ ఉంది సార్, మినరల్స్ పోవు" అని గొప్పగా చెబుతారు. ఆ మర చేసే పని మెంబ్రేన్ దాటని నీళ్లను కొంత తిరిగి కలపడం. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లో ఆ మర తిప్పితే వడకట్టిన ఫ్లోరైడ్‌ను మళ్లీ బిందెలోకి పోసుకున్నట్టే. బిగించడానికి వచ్చినప్పుడు దాన్ని పూర్తిగా మూయించి, వారం తర్వాత ఫిల్టర్ నీళ్లను కూడా అదే ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. మీ టీడీఎస్ 1,500 దాటితే మెంబ్రేన్ 2,000 వరకు తట్టుకునేదో కాదో పెట్టె మీద చూడాలి. మున్సిపల్ నీళ్లో సత్యసాయి పథకం నీళ్లో వచ్చి, రిపోర్టులో ఫ్లోరైడ్, టీడీఎస్ రెండూ హద్దులో ఉంటే ఆర్‌ఓ అవసరమే లేదు. యూవీ, యూఎఫ్ చాలు, వృథాగా పారే నీళ్లు కూడా మిగులుతాయి.

టీవీకి ఇంత అక్కర్లేదు. షాపులో అన్నీ స్టోర్ మోడ్‌లో, కళ్లు జిగేలుమనే వెలుతురుతో పెడతారు. దాన్ని హోమ్ మోడ్‌కు, పిక్చర్‌ను సినిమా లేదా స్టాండర్డ్‌కు మార్పించి చూడండి. మీరు రోజూ చూసే ఛానెల్ లాంటి మామూలు వీడియోను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఆడించండి, పక్కకు నిలబడి రంగు వెలవెలబోతుందేమో చూడండి. "120 హెర్ట్జ్" అంటే నేటివ్ రిఫ్రెష్ రేట్ (తెర నిజంగా సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో) ఎంతని స్పెసిఫికేషన్‌లో చూడాలి, చాలావాటిలో అది 60, మిగతాది సాఫ్ట్‌వేర్ పేరు. తక్కువ ధర టీవీల్లో ఆండ్రాయిడ్ అని చెప్పి గూగుల్ లైసెన్సు లేనిది పెడతారు, మీరు వాడే ఓటీటీ యాప్‌లు షాపులోనే తెరిపించి చూడటం ఒక్కటే దీనికి మందు. 2,500 రూపాయల బంగారు పూత హెచ్‌డీఎంఐ కేబుల్‌తో బొమ్మ మెరుగవదు. రెండు మీటర్ల లోపు అయితే ప్రీమియం హై స్పీడ్ అని రాసి ఉన్న మామూలు కేబుల్ 4కె ని 60 హెర్ట్జ్‌లో తేలికగా మోస్తుంది.

వారంటీ మాటల్లో "కంప్రెసర్‌కు పదేళ్లు", "మోటారుకు పదేళ్లు" అన్నవి ఆ ఒక్క భాగానికే. గ్యాసు, కూలి, రవాణా, సర్క్యూట్ బోర్డు మామూలు వారంటీ అయిపోగానే మీ ఖర్చే. ఇన్వర్టర్ ఏసీల్లో ఎక్కువగా పోయేది ఆ బోర్డే కాబట్టి దాని వారంటీ ఎన్నేళ్లో విడిగా చూడండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మితే అది కంపెనీ ఇచ్చేదా, షాపువాళ్లు వేరే సంస్థ ద్వారా ఇచ్చేదా కనుక్కోండి. షరతుల కాగితం ఇవ్వకుండా డబ్బు కట్టమంటే వద్దనండి. అన్నిటికంటే ముందు కంపెనీ టోల్ ఫ్రీ నంబర్‌కు మీరే ఫోన్ చేసి ధర్మవరం పిన్ కోడ్ చెప్పండి. సర్వీస్ మనిషి ఎక్కడినుంచి వస్తాడు, ఎన్ని రోజులకు వస్తాడు, దూరానికి అదనంగా తీసుకుంటారా అడగండి. "మా సర్వీస్ అంతటా ఉంది సార్" అన్న మాట విలువ ఈ ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది.

నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీని మీకివ్వాల్సిన తగ్గింపులోంచి సర్దడమే చాలాసార్లు. కాబట్టి ముందు నగదు ధర మాట్లాడండి, తర్వాతే ఈఎంఐ మాట ఎత్తండి. ఫైనాన్స్ అబ్బాయి దగ్గర కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి. రిటైల్ రుణాలకు 2024 అక్టోబరు నుంచి అది ఇవ్వడం తప్పనిసరి. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్, కార్డు చార్జీ అన్నీ అందులో బయటపడతాయి.

చివరికి బిల్లు, తెలియని అమ్మకందారుతో మీకున్న అసలు బలం ఇదే. నోటితో చెప్పిన ఏ హామీ మీదైతే మీరు కొంటున్నారో అది బిల్లు మీద రాయమనండి. "145 వోల్టుల వరకు స్టెబిలైజర్ అక్కర్లేదు", "0.3 బార్‌కు పనిచేస్తుంది", "మూడు మీటర్ల పైపు, స్టాండు ఉచితం". ఇట్లా అడిగిన క్షణంలో అబ్బాయి మేనేజరును పిలుస్తాడు, మేనేజరు మాన్యువల్ తెరుస్తాడు, నిజం అప్పుడు తెలుస్తుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం కంపెనీ వారంటీతో సంబంధం లేకుండా అమ్మినవాడు సొంతంగా ఇచ్చిన హామీ తప్పి, దానివల్ల మీకు నష్టం జరిగితే అమ్మినవాడే జవాబుదారీ. రాయడానికి ససేమిరా అంటే కనీసం షాపు నంబర్‌కు వాట్సాప్‌లో ఆ ప్రశ్న పంపి జవాబు తీసుకోండి. అదీ ఇవ్వకపోతే ఆ హామీ లేదనుకుని ధర తూచండి.

బిల్లులో మోడల్ నంబర్ పూర్తిగా ఉండాలి, ఏసీ అయితే ఇండోర్, ఔట్‌డోర్ సీరియల్ నంబర్లు విడివిడిగా ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలకు, 32 అంగుళాలు దాటిన టీవీలకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ అంకె సరిచూడండి. పెట్టె మీద ఎంఆర్‌పీ, తయారీ నెల, ఏడాది ఉంటాయి, ఫోటో తీసుకోండి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేసినంత మాత్రాన లోపమున్న సరుకును నిరాకరించే హక్కు రాదు. బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది.

డెలివరీ వచ్చినప్పుడు వీడియో తీస్తూ పెట్టె విప్పించండి. టీవీ స్క్రీన్ వెలిగించి చూశాకే సంతకం పెట్టండి, ఎందుకంటే ప్యానెల్ పగులు వారంటీలోకి రాదు. సీరియల్ నంబర్ బిల్లుతో కలవకపోతే దింపనివ్వకండి. తేడా వస్తే ముందు కంపెనీలో ఫిర్యాదు చేసి నంబర్ తీసుకోండి, షాపుకు రాతపూర్వకంగా తెలపండి, పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి.